తక్కువ ఖర్చులో కొలిమి టోమహాక్: విసరడానికీ, క్యాంపు పనికీ ఒక్కటే సరిపోతుందా?

#1 చెట్టునీడ

అందరికీ నమస్కారం. ఏడాదిగా స్నేహితుడి టోమహాక్ (విసరడానికి కూడా వాడే చిన్న చేతి గొడ్డలి) అరువు తెచ్చుకుని విసరడం నేర్చుకుంటున్నాను. ఇప్పుడు ఐదుసార్లు విసిరితే మూడుసార్లు గుచ్చుకుంటోంది. ఇక సొంతది కొనుక్కోవాలని ఉంది. నా దగ్గర ఉన్న డబ్బు తక్కువ, అందుకే ఒకసారి కొంటే తప్పు జరగకూడదు.

నాకు రెండు పనులకీ అదే కావాలి. సెలవు రోజుల్లో దుంగ మీద విసరాలి. అడవిలో రాత్రి బస చేసేటప్పుడు చితుకులు నరకాలి, సన్న కట్టెలు చీల్చాలి, గుడారం మేకులు దిగ్గొట్టాలి. ఫ్యాక్టరీ అచ్చు కాకుండా మనిషి చేత్తో సాగగొట్టిందైతే బాగుంటుందని మనసులో ఉంది.

ప్రస్తుతం మూడు చూశాను. మొదటిది, పాత బాల్ పీన్ సుత్తిని (ఒకవైపు చదును, ఇంకోవైపు గుండ్రం) కొలిమిలో పెట్టి టోమహాక్‌గా మార్చినది. కామ (పిడి కర్ర) లేదు, హెడ్ (ఇనుప భాగం) మాత్రమే. చూడటానికి నల్లగా, ముతగ్గా ఉంది, మూడింట్లో చవక. రెండోది, ఇనుప పట్టీని మడిచి అతికించినది. బ్లేడు మీద చెక్కిన గీతలు, కామకి తోలు చుట్టు, భలే అందంగా ఉంది. మూడోది, రైలు పట్టాల మేకుతో చేసిన చిన్నది, వెనక ముల్లు కూడా ఉంది. ఏది తీసుకోమంటారు?

#2 గురి_తప్పదు

మూడోది వెంటనే పక్కన పెట్టేయండి. వెనక ముల్లున్నది విసరడానికి పనికిరాదు. దుంగకి తగిలి వెనక్కి ఎగిరినప్పుడు రెండువైపులా మొన ఉన్న ఇనుము మీ వైపు వస్తుంది. మామూలుదైతే పది సార్లు వెనక్కి వచ్చినా ఎక్కువసార్లు మొద్దు వైపే తగులుతుంది.

విసరడానికి నేను చూసేవి చెబుతాను. హెడ్ బరువు 450 నుంచి 680 గ్రాముల మధ్య ఉండాలి. అంతకన్నా తేలికైతే గాలిలో వణుకుతుంది, ఎక్కువైతే గంట తిరిగేసరికి భుజం పట్టేస్తుంది. వాదర (పదును అంచు) 3 నుంచి 4 అంగుళాలు చాలు. కామ 16 నుంచి 19 అంగుళాలు. కామ పొడవు పెరిగేకొద్దీ నెమ్మదిగా తిరుగుతుంది, అంటే ఒక పూర్తి పల్టీకి ఎక్కువ దూరం కావాలి. 19 అంగుళాల కామతో నాకు ఒక పల్టీకి 4 మీటర్లకి కాస్త పైన పడుతుంది. అరువు తెచ్చుకున్నదానికి కామ ఎంత పొడవుందో కొలవండి. చేయి దానికి అలవాటు పడిపోయి ఉంటుంది, అదే పొడవు తీసుకుంటే మళ్లీ మొదటి నుంచి దూరం వెతుక్కోనక్కర్లేదు.

#3 గుడారం22

ముల్లు గురించి గురి అన్న చెప్పింది క్యాంపుకి కూడా వర్తిస్తుంది. కట్టె నరకడానికి పైకెత్తినప్పుడు ఆ ముల్లు మన నుదుటికి జానెడు దూరంలో ఉంటుంది. చీకట్లో, అలసిపోయి ఉన్నప్పుడు అది అస్సలు వద్దు.

క్యాంపుకి నా ఓటు సుత్తి నుంచి చేసినదానికే. వెనక సుత్తి ముఖం మిగిలే ఉంటుంది కాబట్టి మేకులు దిగ్గొట్టుకోవచ్చు. మిగతా టోమహాక్‌లలో చాలావాటికి వెనకవైపు కన్ను (కామ దూరే రంధ్రం) గోడ తప్ప ఇంకేమీ ఉండదు. ఆ పలచటి గోడతో మేకులు కొడితే కన్ను నొక్కుకుపోతుంది, తర్వాత కామ కూర్చోదు.

#4 వానచినుకు

చెట్టునీడ గారూ, రెండోది కొనే ముందు నా అనుభవం వినండి.

నేను మొదట కొన్నది అచ్చం అలాంటిదే. చెక్కడాలు, తోలు, ఇత్తడి మేకులు. ఫొటోలో చూసి మనసు పారేసుకున్నాను. వచ్చాక రెండు వారాలు విసిరాను. ఎంత జాగ్రత్తగా విసిరినా కుడివైపుకి ఒరిగి గుచ్చుకునేది, లేదా బ్లేడు చెంప తగిలి కింద పడేది. తప్పు నాదే అనుకుని మణికట్టు మార్చాను, నిలబడే తీరు మార్చాను, రోజుకి వంద సార్లు విసిరాను. భుజం నొప్పి వచ్చింది తప్ప ఫలితం లేదు.

చివరికి ఒక సాయంత్రం కామ తీసేసి, కన్నులోకి నిటారుగా ఉన్న కర్ర ఒకటి దూర్చి, పైనుంచి ఒక కన్ను మూసి చూశాను. వాదర గీత ఒక దిక్కు, కన్ను గీత ఇంకో దిక్కు. వాదర కొస దగ్గర చిటికెన వేలి మందం తేడా ఉంది. కన్నే వంకరగా ఉంటే మనిషి ఎంత నేర్చుకుని ఏం లాభం? అమ్మినవాళ్లకి రాస్తే చేతిపనిలో కాస్త తేడాలు సహజం అని జవాబు ఇచ్చారు. చేతిపని మీద గౌరవం ఉంది కాబట్టే నాకు ఆ మాట బాధ కలిగించింది.

ఆ రెండు వారాల్లో నా చేతికి పట్టిన తప్పుడు అలవాటు పోవడానికి మూడు నెలలు పట్టింది. అందుకే కొత్తవాళ్లకి ఒకటే చెబుతాను. అందం తర్వాత, ముందు కన్ను చూడండి.

#5 కొలిమిరవ్వ

వానచినుకు గారు చెప్పింది అక్షరాలా నిజం. పదేళ్లుగా తీరిక వేళల్లో కొలిమి పని చేస్తున్నాను, ఇరవై ముప్పై హెడ్లు చేసి ఉంటాను. మొదటి ఐదింటి కన్నూ వంకరే. వాటిని ఎవరికీ ఇవ్వలేదు. కాబట్టి చేసేవాడి వైపు నుంచి కాస్త వివరంగా రాస్తాను.

మీరు చూసిన రెండో రకంలో మెత్తటి ఇనుప పట్టీని ఒక ఇనుప కడ్డీ చుట్టూ మడుస్తాం. రెండు కొసలూ కలిసే చోట, మధ్యలో కార్బన్ ఎక్కువున్న ఉక్కు ముక్క పెట్టి, తెల్లటి వేడికి తెచ్చి సమ్మెటతో అతికిస్తాం. అసలు పాతకాలపు పద్ధతి అదే. ఉక్కు ఖరీదైన రోజుల్లో వాదరకి మాత్రమే ఉక్కు, మిగతాదంతా ఇనుము. సరిగ్గా అతికితే దానికి తిరుగులేదు. సరిగ్గా అతకకపోతే పైకి ఏమీ కనబడదు, కన్ను ముందు భాగంలో సన్నటి వెంట్రుక లాంటి గీత మాత్రం ఉంటుంది. విసిరిన ప్రతి దెబ్బకీ ఆ గీత కాస్త కాస్త తెరుచుకుంటుంది. నల్ల రంగు దట్టంగా పూసి ఉంటే ఆ గీత దాని కింద దాక్కుంటుంది. ఇంకో సంగతి. కొందరు మధ్యలో ఉక్కు ముక్క పెట్టనే పెట్టరు, మొత్తం మెత్తటి ఇనుమే. అది గోడకి అలంకారంగా వేలాడదీసుకోవడానికి తప్ప పదును నిలవదు.

సుత్తి నుంచి చేసేదాంట్లో అతుకే లేదు. ఒకే ఉక్కు ముద్ద. బాల్ పీన్‌లో గుండ్రటి వైపుని పలచగా సాగగొట్టి బ్లేడు చేస్తాం, చదునైన ముఖం అలాగే ఉంచుతాం. అందుకే కొత్తగా నేర్చుకునే కమ్మరులు కూడా దీన్ని బాగా చేయగలరు, అందుకే చవక. చవక కదా అని నాసిరకం అనుకోవద్దు. మంచి సుత్తుల ఉక్కులో పదును పట్టడానికి సరిపడా కార్బన్ ఉంటుంది. పోతపోసిన చవక సుత్తి అయితే మాత్రం సాగగొట్టేటప్పుడే నలిగి చిట్లుతుంది.

రైలు మేకు విషయానికొస్తే, ఎక్కువ కార్బన్ అని ముద్ర ఉన్న మేకుల్లో కూడా 0.3 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. మంచి వాదరకి 0.5 నుంచి 0.8 శాతం కావాలి. కాబట్టి అది పోయినట్టే.

ఇక చెట్టునీడ గారు, ఆ సుత్తి హెడ్ చేసినవారిని మూడు విషయాలు అడగండి. నూనెలో చల్లార్చాక టెంపర్ చేశారా, చేస్తే ఏ రంగు దాకా? కన్నుని టోమహాక్ డ్రిఫ్ట్‌తో (కన్నుకి ఆకారం ఇచ్చే, ఒక కొస సన్నగా ఉన్న ఇనుప కడ్డీ) సాగదీశారా, లేక సుత్తి పాత కన్నే ఉంచారా? పైనుంచి తీసిన ఫొటో, కన్నులో నిటారు కర్ర పెట్టి, ఇవ్వగలరా?

#6 చెట్టునీడ

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అన్నా. వానచినుకు గారూ, మీకు కూడా. రెండోదాని మీద ఆశ వదిలేశాను, కాస్త కష్టంగానే ఉంది.

రెండు సందేహాలు. టెంపర్ రంగు అంటే ఏమిటి? కన్ను ఏ డ్రిఫ్ట్‌తో తీస్తే ఏమిటి తేడా?

#7 కొలిమిరవ్వ

ఉక్కుని అయస్కాంతం అంటుకోనంత వేడికి, అంటే 770 డిగ్రీలు దాటాక ఇంకాస్త పైకి తెచ్చి నూనెలో ముంచితే గాజులా గట్టిపడుతుంది. గట్టిదే కానీ పెళుసు. అలాగే విసిరితే అంచు పెచ్చులుగా ఊడుతుంది. అందుకే మెరిసేలా రుద్ది మళ్లీ మెల్లగా వేడి చేస్తాం. అప్పుడు ఉక్కు ముఖం మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, తర్వాత ఊదా, తర్వాత నీలం. కత్తులకి ఎండుగడ్డి రంగు దగ్గర ఆపేస్తాం, అది 220 డిగ్రీల ప్రాంతం. విసిరే గొడ్డలికి ఊదా నుంచి నీలం దాకా పోనిస్తాం, 280 నుంచి 300. పదును కాస్త త్వరగా పోతుంది, కానీ రాయి తగిలితే అంచు వంగుతుందే గానీ విరగదు. వంగినదాన్ని ఆకురాయితో సరిచేసుకోవచ్చు. విరిగిపోయిన ముక్కని తిరిగి అతికించలేం.

కొలిమి ముందు కూర్చుని ఆ నీలం రంగు కన్ను వైపు నుంచి వాదర మీదకి మెల్లగా పాకడం చూడాలి. ఒక్క క్షణం ఏమరిస్తే దాటిపోతుంది. ఎన్నిసార్లు చేసినా నాకు అప్పుడు ఊపిరి బిగబట్టినట్టే ఉంటుంది.

కన్ను సంగతి. టోమహాక్ కన్ను కింద ఇరుకు, పైన వెడల్పు. కామ కింది కొస సన్నం, పై కొస లావు. హెడ్‌ని కామ కింది కొస నుంచి ఎక్కించి పైదాకా లాగితే అక్కడ బిగుసుకుంటుంది. చీలలు, మేకులు ఏమీ అక్కర్లేదు. విసిరిన కొద్దీ హెడ్ బయటికే పోవాలని చూస్తుంది కాబట్టి ఇంకా బిగుస్తుంది. మామూలు గొడ్డలికీ దీనికీ అసలు తేడా ఇదే. సుత్తి పాత కన్నే ఉంచేస్తే చీల కొట్టి బిగించాలి. అప్పుడు కామ విరిగితే లోపలి ముక్కని తొలచి తీయాలి, అడవిలో అది గంట పని.

#8 గురి_తప్పదు

దీనికి ఒకటి కలుపుతాను. మీ ఖర్చు హెడ్ దగ్గర ఆగదు, కామల దగ్గరే ఎక్కువ అవుతుంది. విసిరేవాళ్లం ఏడాదికి నాలుగైదు కామలు విరగ్గొడతాం. అందరూ వాడే కొలత డ్రిఫ్ట్‌తో తీసిన కన్నైతే దొరికే కామలు నేరుగా దూరతాయి. చేసినవాడు సొంతంగా ఏదో ఆకారంలో తీస్తే ప్రతి కామనీ మీరే చెక్కుకోవాలి. చవక హెడ్ ఖరీదుగా మారేది అక్కడే.

కామకి హికరీ చెక్క మంచిది, యాష్ చెక్క కూడా బాగానే ఉంటుంది. కానీ చెక్క పేరు కన్నా నార ముఖ్యం. నార గీతలు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిటారుగా సాగాలి. మధ్యలో పక్కకి జారి బయటికి పోతే అక్కడే విరుగుతుంది. కామ అడుగు కొసన చూస్తే వలయాల గీతలు వాదర ఉన్న దిక్కుకే ఉండాలి, అడ్డంగా కాదు.

#9 పాతఇనుము

చర్చ చూసి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. అడిగిన ప్రశ్నకి సంబంధం ఉంది కాబట్టే రాస్తున్నాను.

టోమహాక్ అనే మాట అమెరికాలోని వర్జీనియా ప్రాంతపు స్థానికుల ఆల్గాంక్వియన్ భాష నుంచి ఇంగ్లీషులోకి 17వ శతాబ్దం మొదట్లో వచ్చింది. అప్పటికి అక్కడివాళ్లవి రాతి గొడ్డళ్లు. యూరోపియన్ వర్తకులు ఇనుప హెడ్లు తెచ్చి బొచ్చు తోళ్లకి మార్పిడి చేయడం మొదలుపెట్టాక ఇప్పుడు మనం చూసే ఆకారం స్థిరపడింది.

అమెరికా పశ్చిమ ప్రాంతాన్ని అన్వేషించడానికి బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం 1804-05 చలికాలం మిస్సోరీ నది ఒడ్డున మాండన్ అనే స్థానిక తెగ ఊళ్ల పక్కన కోట కట్టుకుని గడిపింది. తిండి తగ్గిపోతున్నప్పుడు వాళ్లని ఆదుకున్నది జాన్ షీల్డ్స్ అనే కమ్మరి. కోటలో కొలిమి పెట్టి, మాండన్ వాళ్లు కోరిన తీరులో యుద్ధ గొడ్డళ్లు చేసి ఇస్తే, బదులుగా మొక్కజొన్న వచ్చేది. లూయిస్ 1805 ఫిబ్రవరిలో తన డైరీలో ఆ గొడ్డలిని కొలతలతో సహా వర్ణించాడు. బ్లేడు బాగా పలచన, 7 నుంచి 9 అంగుళాల పొడవు. కన్ను గుండ్రం, సుమారు అంగుళం. కామ 14 అంగుళాలకి మించడం అరుదు. మొత్తం బరువు సుమారు ఒక పౌండు. అంత పొడవు బ్లేడుకి అంత పొట్టి కామ పెడితే దెబ్బకి నమ్మకం ఉండదు, బలమూ చాలదు అని అతని అభిప్రాయం.

ఆ గొడ్డలి కోరుకున్నవాళ్లకి దాని అవసరం ఏదో వాళ్లకి తెలుసు, లూయిస్ తీర్పు పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు. కానీ బ్లేడుకీ కామకీ మధ్య లెక్క కుదరాలన్న మాట ఇవాళ్టికీ నిలబడుతుంది. పెద్ద గడ్డం (కిందికి సాగిన బ్లేడు భాగం) ఉన్న వెడల్పాటి బ్లేడులు ఫొటోలో గంభీరంగా ఉంటాయి. విసిరితే ఆ బరువంతా ముందుకి లాగి పల్టీని చెడగొడుతుంది. చెట్టునీడ గారు చూసిన సుత్తి హెడ్ లాంటి ఇరుకు, సాదా ఆకారమే నయం.

#10 గుడారం22

ఇప్పుడు అసలు గొడవ. పదును సంగతి ఎవరూ ఎత్తలేదు. విసిరేవాళ్లు అంచుని మందంగా ఉంచుకోమంటారు. అలా ఉంటే కొమ్మ మీద కొడితే జారిపోతుంది. చెయ్యికో కాలికో తగిలేది పదునున్న గొడ్డలి కన్నా జారిపోయే మొద్దు గొడ్డలే. నేను నాదానికి గోరు మీద పెడితే జారకుండా పట్టుకునేంత పదును ఉంచుతాను.

#11 గురి_తప్పదు

ఒప్పుకోను. అలాంటి పదును దుంగలో ముడి తగిలిన మొదటి రోజే పోతుంది. పైగా రెండు టోమహాక్‌లు ఒకేసారి విసిరేటప్పుడు ఒకటి ఇంకోదాని కామకి తగిలితే ఒక్క దెబ్బకి కోసేస్తుంది. బ్లేడు పై మూల మరీ ప్రమాదం. కింద పడినదాన్ని తీసేటప్పుడు చేతులు కోసుకున్నవాళ్లని చూశాను. నా మాట వింటే రెండు పనులకీ రెండు కొనుక్కోవాలి.

#12 గుడారం22

అన్నా, ఆయన డబ్బు తక్కువ అని మొదటి పోస్టులోనే చెప్పారు కదా.

#13 కొలిమిరవ్వ

ఇద్దరూ చెప్పింది మీ మీ పనికి సరైనదే. మధ్యేమార్గం ఉంది, నేను చాలామందికి అలాగే చేసి ఇచ్చాను.

అంచు కోణం మొత్తం 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంచండి. కత్తికన్నా మందం, చెట్లు నరికే గొడ్డలికి దగ్గర. బ్లేడు బుగ్గలు (రెండు పక్కలు) లోపలికి తీసేసినట్టు కాకుండా కాస్త ఉబ్బుగా ఉండాలి. పూర్తిగా చదునుగా ఉంటే కట్టెలో దిగబడి బయటికి రాదు. రెండు మూలల దగ్గర అర సెంటీమీటరు మేర ఆకురాయితో మొద్దు చేసేయండి. విసిరినప్పుడు గుచ్చుకోవడానికి మూల ఆకారం చాలు, పదును అక్కర్లేదు. మధ్యలో మిగిలిన భాగాన్ని సానరాయితో పదును పెట్టుకోండి, చితుకులకి తగిలేది అదే.

ఒకటి గుర్తుంచుకోవాలి. టోమహాక్ లావు దుంగలు చీల్చడానికి పుట్టలేదు. మణికట్టు లావు కట్టె దాకా హాయిగా చేస్తుంది. అంతకు మించితే ఇంకో కట్టెతో వెనక నుంచి కొట్టి దింపండి. ఇనుప సుత్తితో వెనక కొట్టొద్దు, కన్ను సాగిపోతుంది.

#14 వానచినుకు

ఇంటికొచ్చాక ఎలా పరీక్షించాలో కూడా చెప్పేస్తాను, చెట్టునీడ గారు మళ్లీ అడగనక్కర్లేకుండా.

హెడ్‌ని దారంతో వేలాడదీసి చిన్న ఇనుప కడ్డీతో తట్టండి. గంటలా మోగాలి. చప్పుడు డొల్లగా తేలిపోతే ఎక్కడో బీట ఉంది. తర్వాత వాదర మీద ఆకురాయి పెట్టి ఒక్కసారి తోయండి. గాజు మీద జారినట్టు జారిపోతే మరీ గట్టిది, విసిరితే చిట్లుతుంది. వెన్నలా కోసేస్తే మరీ మెత్తన. కాస్త మొరాయిస్తూ పట్టుకోవాలి. అదే ఆకురాయి కన్ను దగ్గర పెడితే సులువుగా కొరకాలి, ఎందుకంటే అక్కడ మెత్తగా ఉండటమే మంచిది.

#15 చెట్టునీడ

చేసినవారికి మూడు ప్రశ్నలూ పంపాను. అదే రోజు జవాబు వచ్చింది. ఊదా దాటి నీలం మొదలయ్యే దాకా టెంపర్ చేశారట. కన్ను టోమహాక్ డ్రిఫ్ట్‌తోనే తీశారు. పైనుంచి ఫొటో పంపారు, కర్ర గీతా వాదర గీతా ఒకటే. అడగకుండానే కింది నుంచి కూడా ఫొటో పంపారు. కన్ను లోపల ఒకవైపు చిన్న గరుకు ఉందని, కామ ఎక్కించే ముందు రుద్దుకోమని ఆయనే చెప్పారు. అలా చెప్పాక నమ్మకం కుదిరింది. కొనేశాను. మిగిలిన డబ్బుతో 19 అంగుళాల హికరీ కామలు రెండు తీసుకున్నాను.

#16 కొలిమిరవ్వ

లోపం తానే చెప్పిన మనిషి దగ్గర కొన్నారు. సంతోషం. అర్ధచంద్రాకారపు ఆకురాయితో లోపల రుద్దండి. కామ మీద మసి రాసి ఎక్కించి తీస్తే ఎక్కడ తగులుతోందో మచ్చలు పడతాయి. కామ మీదైనా, కన్నులోనైనా అక్కడే కొంచెం తీయాలి. మొదటిసారే బిగుతుగా కూర్చోవాలని తొందరపడి ఎక్కువ తీసేయకండి.

#17 చెట్టునీడ

మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి.

హెడ్ తూకం 590 గ్రాములు. తట్టితే మోగింది, ఆకురాయి మొరాయించింది. మసి రాసి కామ కూర్చోబెట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఏడెనిమిది సార్లు తీసి పెట్టాక, చివరిసారి హెడ్ పైదాకా వచ్చి టక్కున ఆగింది. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

మొదటి రోజే కామ విరిగింది. కామ అడుగు కొస ముందుగా దుంగకి తగిలి, హెడ్‌కి సరిగ్గా కింద రెండుగా చీలింది. చాలా బాధేసింది. అంత కష్టపడి కూర్చోబెట్టుకున్నాను కదా. కానీ నిజం చెప్పాలంటే, తర్వాత జరిగింది చూసి ఆశ్చర్యం వేసింది. కామ పై ముక్కని ఒక దెబ్బ కొడితే కన్నులోంచి ఊడి వచ్చేసింది. రెండో కామని మసితో సరిచూసి ఎక్కించుకోవడానికి అరగంట పట్టింది. చీల కొట్టిందైతే ఆ రోజు అక్కడితో అయిపోయేది.

#18 గురి_తప్పదు

మొదటి కామ విరగడం అందరికీ జరిగేదే, దిగులు పడకండి. కామ అడుగు కొస ముందుగా తగులుతోందంటే పల్టీ పూర్తి కాలేదు. అర అడుగు వెనక్కి జరగండి. దీనికి వ్యతిరేకంగా హెడ్ పైభాగం తగిలి కామ మీ వైపు పైకి లేస్తే పల్టీ దాటిపోయింది, ముందుకి జరగాలి. చేతి బలం మార్చొద్దు, కాళ్లు మాత్రమే మార్చండి.

మెత్తటి చెక్క మొద్దు తీసుకుని, కోసిన ముఖం మీ వైపు తిప్పి పెట్టండి. ముందు రోజు రాత్రి నీళ్లు పోసి ఉంచితే ఇంకా బాగా పట్టుకుంటుంది. ఎండిపోయిన గట్టి దుంగ మీద విసిరితే వెనక్కి ఎగురుతుంది. మీరు విసిరేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే మీకు వెనకగా, బాగా దూరంగా నిలబెట్టండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, తప్పకుండా పాటించండి.

#19 వానచినుకు

హెడ్ మధ్యలో వదులైతే కామని తలకిందులుగా పట్టుకుని, కామ పై కొసని మొద్దు మీద రెండు మూడుసార్లు తట్టండి. కామ ఆగుతుంది, హెడ్ కిందికి జారి బిగుస్తుంది. తీయాలంటే నిటారుగా పట్టుకుని అడుగు కొసని తట్టాలి. ప్రతి పదిసార్లు విసిరాక ఒకసారి చేత్తో కదిపి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

కామకి అవిసె నూనె పట్టిస్తారేమో, ఒక జాగ్రత్త. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

#20 చెట్టునీడ

అక్కా, ఆ గుడ్డల సంగతి నాకు అస్సలు తెలియదు. నిన్ననే రెండు గుడ్డలు డబ్బాలో కుక్కి పెట్టాను. మీ పోస్టు చదివి వెంటనే లేచి వెళ్లి తీసి గోడ మీద ఆరేశాను. నిజంగా ధన్యవాదాలు.

గురి అన్న చెప్పినట్టు అర అడుగు వెనక్కి జరిగాను. పదిసార్లకి ఏడు గుచ్చుకున్నాయి. మూలలు మొద్దు చేశాను, మధ్యలో పదును ఉంచాను. పోయిన వారం చివర క్యాంపుకి తీసుకెళ్లాను. రాత్రి వాన పడింది, కట్టెలన్నీ పైకి తడి. మణికట్టు లావు కట్టెల్ని ఒక్కొక్కటే చీల్చి, లోపలి పొడి భాగాన్ని సన్నగా చెక్కాలి. అప్పుడు కామ తీసేసి హెడ్ ఒక్కటే చేత్తో పట్టుకుని చెక్కి చూశాను. కన్నులో వేలు దూరుస్తే కత్తిలా పట్టు కుదిరింది. పొడి పీచు చేతినిండా వచ్చింది, మూడో పుల్లకే నిప్పు అంటుకుంది.

మేకులకి సుత్తి ముఖం భేషుగ్గా పనికొచ్చింది. ఆ ముఖం మీద ఒక చిన్న నొక్కు పడింది, అది ఇబ్బందేనా?

#21 కొలిమిరవ్వ

ఇబ్బంది కాదు. కొలిమిలో పెట్టినప్పుడు ఆ ముఖం పాత గట్టిదనం పోయి మెత్తబడి ఉంటుంది, నొక్కు పడటం మంచి లక్షణమే. చిట్లితే భయపడాలి. అంచులు పుట్టగొడుగులా బయటికి విచ్చుకుంటే మాత్రం ఆకురాయితో గుండ్రంగా చేసేయండి, లేకపోతే ఎప్పుడో ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.

విరిగిన కామ కింది ముక్క సన్నం కాబట్టి కన్నులోంచి జారిపోతుంది, దాన్ని హెడ్‌కి వాడకండి. 12 అంగుళాలైనా ఉన్న లావు కర్ర ముక్క ఇంకోటి ఉంటే పై కొసని లావుగా ఉంచి చెక్కుకుని క్యాంపు కామగా పెట్టుకోండి. సంచిలో ఇముడుతుంది, చితుకులకి ఆ పొడవు చాలు. విసరడానికి 19 అంగుళాలది వేరుగా ఉంచుకోండి.

#22 చెట్టునీడ

ఇంట్లో లావు కర్ర ముక్క ఒకటి కొలిచాను అన్నా, 13 అంగుళాలుంది. నార కూడా నిటారుగానే ఉంది. ఇవాళ సాయంత్రం మసి డబ్బా తీసి మొదలుపెడతాను.